ఆర్కోనా మట్టికోట, దాని కింద పుట్‌గార్టెన్ ఊరు: తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మనీలో చదువుకునే, ఉద్యోగాలు చేసే మనవాళ్లు వేసవిలో రూగెన్ దీవికి బాగానే వెళ్తుంటారు. లైట్‌హౌస్ ముందు ఫోటో దిగి, రొట్టెలో పెట్టిన చేప తిని వచ్చేస్తారు. లైట్‌హౌస్ వెనక గడ్డి మొలిచిన మట్టిదిబ్బ ఒకటి ఉంటుంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ పేజీ ఆ దిబ్బ గురించే.

ఇది ఎక్కడుంది?

జర్మనీ ఈశాన్య మూలన, బాల్టిక్ సముద్రంలో. రూగెన్ ఆ దేశంలోకెల్లా పెద్ద దీవి, దాదాపు 926 చదరపు కిలోమీటర్లు. దాని ఉత్తర భాగం విట్టో. ఎప్పుడూ గాలి కొడుతుంటుంది కాబట్టి స్థానికులు దాన్ని ‘గాలినేల’ అంటారు. ఊరికే పెట్టిన పేరు కాదు, టోపీ పెట్టుకుని వెళ్తే మీకే తెలుస్తుంది. విట్టో కొసన సుద్దరాయి కొండ సముద్రంలోకి నిట్టనిలువుగా దిగిపోతుంది, ఎత్తు 45 మీటర్ల దాకా. అదే ఆర్కోనా అగ్రం. దానికి కాస్త ఇవతల పుట్‌గార్టెన్ అనే చిన్న ఊరు, పక్కనే లోయలో విట్ అనే జాలరి పల్లె ఉన్నాయి.

రూగెన్ ఉత్తరపు చివర ఇదేనని చాలామంది అనుకుంటారు. కాదు. అసలు చివర ఇక్కడికి వాయవ్యంగా కిలోమీటరు దూరంలో ఉన్న గెల్లోర్ట్. అక్కడ నీటి అంచున 165 టన్నుల బండరాయి ఒకటి పడి ఉంటుంది.

పుట్‌గార్టెన్ అంటే ఏదో తోటా?

జర్మన్ వచ్చినవాళ్లకి అలాగే వినిపిస్తుంది, ‘గార్టెన్’ అంటే తోట కదా. కానీ ఈ పేరు జర్మన్ కాదు, స్లావిక్, అంటే రష్యన్, పోలిష్ లాంటి భాషల కుటుంబానిది. ‘పోద్ గార్ద్’, అంటే ‘కోట కింద’ అని. బెల్‌గ్రేడ్ పేరులో చివర వినిపించే ముక్క కూడా ఇదే మాట.

నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చింది ఈ పేరే. కోట పోయింది, కట్టినవాళ్ల దేవుడు పోయాడు, చివరికి వాళ్ల భాష కూడా పోయింది. రూగెన్‌లో స్లావిక్ మాట్లాడిన ఆఖరి ముసలమ్మ 1404లో చనిపోయిందని 16వ శతాబ్దపు చరిత్రకారుడు ఒకాయన రాసిపెట్టాడు. ఊరివాళ్లు మాత్రం అర్థం తెలియకుండానే ఇప్పటికీ ‘మాది కోటకింద’ అని చెప్పుకుంటున్నారు.

కోట ఎవరు కట్టారు?

రానీ అనే స్లావ్ తెగ. తెలుగులో రాస్తే మహారాణులు గుర్తొస్తారు గానీ, వీళ్లు పడవల మీద తిరిగే యోధులు, వ్యాపారులు, రైతులు, జాలర్లు. వీళ్లకే రుజియానులు అనే పేరూ ఉంది. పొరుగున ఉన్న స్లావ్ తెగలకు రెత్రా అనే చోట పెద్ద గుడి ఉండేది. అది 1068లో ధ్వంసమయ్యాక ఆ ప్రాంతపు స్లావులందరూ ఆర్కోనా వైపు చూడటం మొదలుపెట్టారు. అలా ఒక తెగ కోట పెద్ద పుణ్యక్షేత్రమైంది.

దీవి మరీ మారుమూలేం కాదు. ఇదే రూగెన్‌లో రాల్స్‌వీక్ అనే పాత రేవులో, ఒక ఇంటి జాగాలో, అరబ్బు వెండి నాణాలు రెండు వేలకు పైగా దొరికాయి. 9వ శతాబ్దంలోనే బాగ్దాద్ వైపు వెండి ఇక్కడిదాకా చేరిందన్నమాట.

అంతకుముందు ఇక్కడ మనుషులు లేరా?

ఎందుకు లేరు? విట్ నుంచి సముద్రం పక్కనే దక్షిణానికి నడిస్తే నోబిన్ దగ్గర పెద్ద పెద్ద బండలు పేర్చిన రాతియుగపు సమాధి కనిపిస్తుంది. వయసు ఐదు వేల ఏళ్లకు తక్కువ ఉండదు. స్లావులు వచ్చేసరికే అది ఎవరిదో చెప్పగలిగినవాళ్లు లేరు.

మట్టితో కోటా? నిలబడుతుందా?

ఓరుగల్లు మట్టికోట చూసినవాళ్లకి ఈ అనుమానం రాదు. ఆర్కోనాలో పని ఇంకా సులువు. మూడు వైపులా కొండ అంచు, కింద సముద్రం, అటు నుంచి ఎవడూ ఎక్కలేడు. మిగిలింది నేల వైపు ఒక్కటే. కొండ కొసను కత్తితో కోసినట్టు అడ్డంగా కట్ట పోసి, దాని ముందు కందకం తవ్వేస్తే కోట అయిపోయింది.

కట్ట అంటే ఊరికే కుప్ప పోసిన మట్టి కాదు. దుంగలతో పెట్టెల్లా చట్రాలు కట్టి, వాటి నిండా మట్టి కూరడం ఆ కాలపు స్లావుల పద్ధతి. 1168లో ఈ గోడ ఎలా ఉండేదో సాక్సో గ్రామాటికస్ అనే డేనిష్ చరిత్రకారుడు రాశాడు. కింది సగం మట్టి, పై సగం దుంగలు, దుంగల మధ్య పచ్చిగడ్డితో సహా కోసిన మట్టిపెళ్లలు. ఎత్తు 50 మూరలన్నాడు. అది కొంచెం పెంచి చెప్పిన లెక్కే అనుకుంటాను, గెలిచినవాడికి ఎదుటివాడి గోడ ఎప్పుడూ ఎత్తుగానే కనిపిస్తుంది. అయినా ఎనిమిదిన్నర శతాబ్దాల వానలకు కరిగాక కూడా కట్ట కొన్నిచోట్ల 10 మీటర్లకు పైగా నిలబడే ఉంది.

ఈ కోటకు ఒక పెద్ద లోపం ఉంది, నీళ్లు. ఊట కోటకు ఉత్తరాన, గోడ బయట ఉండేది. దానికి రక్షణతో ఒక దారి కట్టుకున్నారు. ఈ సంగతి ముందుముందు వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

లోపల ఏముండేది?

కోట నడుమ మైదానం, అందులో చెక్కతో కట్టిన గుడి, ఎర్రటి పైకప్పు. గుడికి రెండు ఆవరణలు. లోపలి దానికి గోడలు లేవు, నాలుగు స్తంభాలు, వాటికి వేలాడే తెరలు మాత్రమే. తెరల వెనక రానీల దేవుడు స్వాంతెవిత్ విగ్రహం. మనిషి కంటే బాగా పెద్దది, చెక్కతో చేసింది, నాలుగు తలలు, నాలుగు మెడలు. రెండు ముఖాలు ముందుకు, రెండు వెనక్కి. గడ్డాలు నున్నగా గీసి, జుట్టు కత్తిరించి ఉండేవట, రానీ మగవాళ్ల తీరులోనే. కుడిచేతిలో రకరకాల లోహాలతో చేసిన కొమ్ము. పక్కన కళ్లెం, జీను, పెద్ద కత్తి.

అందరూ జుట్టు కత్తిరించుకునే ఆ ఊళ్లో పూజారి ఒక్కడే జుట్టు, గడ్డం పెంచుకునేవాడు. దేవుడికి సొంత ఆస్తి ఉండేది. ప్రతి మనిషీ, ఆడైనా మగైనా, ఏడాదికొక నాణెం ఇవ్వాలి. యుద్ధంలో దోచిన దాంట్లోనూ దేవుడికి వాటా. దేవుడి పేరున 300 గుర్రాలు, 300 మంది రౌతులు ఉండేవారు, వాళ్లు సంపాదించిందంతా పూజారి చేతికే వచ్చేది. బయటి రాజులూ కానుకలు పంపేవాళ్లు. డెన్మార్క్ రాజు స్వేన్ క్రైస్తవుడై ఉండి కూడా ఈ విగ్రహానికి మంచి గిన్నె ఒకటి సమర్పించాడట. ఆయన తర్వాత హత్యకు గురైతే, ఆ పాపమే తగిలిందని సాక్సో తీర్పు చెప్పేశాడు.

పండగ ఎలా చేసేవాళ్లు?

ఏడాదికోసారి, కోతలయ్యాక. ముందురోజు పూజారి స్వయంగా గుడి ఊడ్చాలి. లోపల ఊపిరి వదలకూడదు, మనిషి ఊపిరి దేవుడికి తగిలితే మైల. అందుకని ఊపిరి బిగబట్టి ఊడవడం, ఆగలేనప్పుడు తలుపు దగ్గరికి పరిగెత్తడం, బయట ఊపిరి పీల్చుకుని మళ్లీ లోపలికి రావడం. నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన చీపురు పట్టుకుని ఇలా అటూ ఇటూ ఉరుకుతుండటం ఒక్కసారి ఊహించుకోండి.

మర్నాడు జనం గుడి ముందు చేరేవాళ్లు. పూజారి విగ్రహం చేతిలోని కొమ్ము తీసి చూసేవాడు. నిరుడు నింపిన మద్యం తగ్గితే వచ్చే ఏడు కరువు, గింజలు దాచుకోండి అనేవాడు. తగ్గకపోతే బాగా పండుతుంది, ఖర్చుపెట్టుకోవచ్చు అనేవాడు. మన పంచాంగ శ్రవణంలో కందాయ ఫలాలు వింటాం కదా, వాళ్లకు ఆ కొమ్మే పంచాంగం. తర్వాత పాతది దేవుడి పాదాల దగ్గర పారబోసి, కొత్తది నింపి, ఒక్క గుక్కలో తాగి, మళ్లీ నింపి విగ్రహం చేతిలో పెట్టేవాడు.

ఆ తర్వాత తేనె రొట్టె. గుండ్రంగా, దాదాపు మనిషంత ఎత్తు. పూజారి దాన్ని తనకూ జనానికీ మధ్య నిలబెట్టి, ‘నేను కనబడుతున్నానా?’ అని అడిగేవాడు. కనబడుతున్నావంటే, ‘వచ్చే ఏడు కనబడకుండా పోవాలి’ అని దీవించేవాడు. అంటే రొట్టె ఇంకా పెద్దదవ్వాలి, పంట అంత పండాలి అని. ఇక అక్కడి నుంచి తిండి, తాగుడు. ఆ రోజు ఒళ్లు తెలియకుండా తాగడమే భక్తి, తాగనివాడే పాపి అని సాక్సో ఎత్తిపొడుస్తాడు.

తెల్ల గుర్రం సంగతి ఏమిటి?

దేవుడి గుర్రం. దానికి మేత వేసేది, ఎక్కేది పూజారి ఒక్కడే. రాత్రి శుభ్రంగా కట్టేసిన గుర్రం ఒక్కోసారి తెల్లారేసరికి చెమట, బురదతో ఉండేదట. రాత్రంతా దేవుడే ఎక్కి శత్రువుల మీదికి వెళ్లొచ్చాడని జనం నమ్మేవాళ్లు. యుద్ధానికి బయల్దేరే ముందు గుడి ఎదుట మూడు వరసల్లో ఈటెలు అడ్డంగా పెట్టి, గుర్రాన్ని వాటి మీదుగా నడిపించేవాళ్లు. కుడికాలు ముందు వేస్తే జయం. ఎడమకాలు ఒక్కసారి ముందు పడినా ప్రయాణం మానుకునేవాళ్లు.

నాలుగు తలలంటే మన బ్రహ్మేనా? వాట్సాప్‌లో చూశాం.

నేనూ చూశాను. ‘స్వాంతెవిత్ అంటే శ్వేత, అందుకే తెల్ల గుర్రం’ అని కూడా కలిపి పంపుతున్నారు. వినడానికి బాగుంటుంది, కానీ అది సరికాదు. పేరులోని ‘స్వాంత్’ పవిత్రం, బలం అనే అర్థాలున్న స్లావిక్ మాట. దాని చుట్టం ప్రాచీన ఇరాన్ భాష అవెస్తాలోని ‘స్పెంత’. మన శ్వేతకు స్లావ్ భాషల్లో చుట్టం వేరే ఉంది, వెలుగు అని అర్థమిచ్చే ‘స్వెత్’. భాషలన్నీ ఒకే పెద్ద కుటుంబానివి కాబట్టి దూరపు పోలికలు ఉండనే ఉంటాయి. దాన్నిబట్టి ఇద్దరు దేవుళ్లూ ఒకరే అయిపోరు. బహుముఖ దేవుళ్లు ఇక్కడ మామూలే. ఇదే దీవిలో ఇంకో కోటలో ఏడు ముఖాల రుగియెవిత్ ఉండేవాడు. ఆయన ముఖాల కింద వానకోయిలలు గూళ్లు కట్టి, ఛాతీ అంతా రెట్టలతో నింపేశాయని సాక్సో నవ్వుకుంటూ రాశాడు.

ఇంకో పొరపాటు. ఆ మెసేజ్‌తో వచ్చే నాలుగు ముఖాల రాతి స్తంభం ఫోటో ఆర్కోనాది కాదు. 1848లో జ్‌బ్రుచ్ నదిలో దొరికిన విగ్రహం అది, పోలండ్‌లోని క్రాకోవ్ మ్యూజియంలో ఉంది. ఆర్కోనా విగ్రహానికి ఫోటో ఉండే అవకాశమే లేదు. ఎందుకో కింద చెప్తాను.

ఈ కథలన్నీ చెప్పిందెవరు? నమ్మొచ్చా?

సరైన ప్రశ్న. రానీలు తమ గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. మనకు దొరికిందంతా క్రైస్తవ పక్షం రాసింది. సాక్సో అయితే కోటను పట్టిన బిషప్ అబ్సలోన్ దగ్గర పనిచేసినవాడు. దొరగారి విజయగాథ రాస్తున్నాడు, లాటిన్‌లో, సొగసుగా. ఉత్తర జర్మనీ పూజారి హెల్మోల్డ్ ఇంకొకడు. స్వాంతెవిత్ అంటే సెయింట్ వైటస్ అనే క్రైస్తవ సాధువు పేరే వక్రమైపోయిందని కథ చెప్పింది ఆయనే, భాషావేత్తలు దాన్ని పెద్దగా ఒప్పుకోరు. ఏటా ఒక క్రైస్తవుణ్ని బలి ఇచ్చేవాళ్లనీ రాశాడు. దాన్ని శత్రువు మాటగానే చదువుకోవాలి.

అలాగని అన్నీ కొట్టిపారేయలేం. ఊపిరి బిగబట్టి ఊడవడం లాంటి వివరం ద్వేషంతో కల్పించేది కాదు, ఎవరో దగ్గర నుంచి చూసి చెప్పిందే అయ్యుంటుంది. నేను పాటించే లెక్క ఇది: అవమానించడానికి పనికొచ్చే వివరాన్ని అనుమానిస్తాను, దేనికీ పనికిరాని వివరాన్ని నమ్ముతాను.

1168లో ఏం జరిగింది?

డెన్మార్క్ రాజు మొదటి వాల్డెమార్, రోస్కిల్డె బిషప్ అబ్సలోన్ పడవల మీద సైన్యంతో దిగారు. కోపెన్‌హేగన్ పుట్టుకకు కారణమని చెప్పేది ఈ అబ్సలోన్‌నే. క్రైస్తవులు ఒకవైపు, స్లావులు ఇంకోవైపు అనుకుంటే తప్పు. ముట్టడించిన వాళ్లలో పొరుగు ప్రాంతం పొమేరేనియా స్లావ్ రాజులూ ఉన్నారు.

అంతకుముందు 1136 ప్రాంతంలో ఎరిక్ అనే డేనిష్ రాజు ఇదే కోటను ఊట అడ్డుకుని లొంగదీశాడు. దాహంతో బయటికొచ్చిన జనానికి మడుగులో బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లు నీళ్లలో దిగింది మతం కోసం కాదు, దాహం తీర్చుకోవడానికని సాక్సోయే ఒప్పుకున్నాడు. డేన్‌లు పడవలెక్కగానే అందరూ పాత దేవుడి దగ్గరికి వెళ్లిపోయారు.

ఈసారి కోటవాళ్లు ద్వారాన్ని మట్టిపెళ్లలతో మూసేశారు. ద్వారం మీది బురుజును దేవుడే చూసుకుంటాడని అక్కడ మనుషుల కంటే జెండాలే ఎక్కువ పెట్టారు. ముట్టడి మొదలై కొన్ని వారాలు గడిచాయి. ఆ మట్టిపెళ్లలు కొంచెం కుంగి, బురుజుకీ మట్టికీ మధ్య ఖాళీ ఏర్పడింది. ఒక డేనిష్ కుర్రాడు అది గమనించాడు. ఈటెలు గోడలో గుచ్చి, మెట్లలా ఎక్కి అందులో దూరాడు. ఎండుగడ్డి అందించమన్నాడు, నిప్పు పెట్టాడు. బురుజు కాలింది, జెండాలు కాలాయి. లోపలివాళ్లు నీళ్లు అయిపోతే పాలు పోశారు, దాంతో మంట ఇంకా పెరిగిందని సాక్సో రాశాడు. మట్టి గోడ ఓడలేదు, మట్టి కుంగిన ఒక్క సందు ఓడించింది.

లొంగిపోయినవాళ్లని చంపేశారా?

లేదు. అబ్సలోన్ షరతులకు ఒప్పించాడు. విగ్రహం, దేవుడి ఖజానా అప్పగించాలి. క్రైస్తవ బందీలను వదిలేయాలి. మతం మారాలి. గుడి భూములు చర్చికి ఇవ్వాలి. ఏటా కప్పం కట్టాలి, పిలిస్తే యుద్ధానికి రావాలి, హామీగా తమవాళ్లు కొందరిని అప్పగించాలి. దోపిడీ దక్కలేదని డేనిష్ సైనికులే గొణుక్కున్నారు.

విగ్రహాన్ని కూల్చేటప్పుడు అది ఎవరి మీదా పడకుండా చూడమని ముందే హెచ్చరించారు. పడితే దేవుడు పగ తీర్చుకున్నాడంటారు కదా. కాళ్లు నరికితే గోడకు ఒరిగి దబ్బున పడింది. తాళ్లు కట్టి లాగమంటే ఊరివాళ్లు భయపడి, బందీల చేత, పరాయివాళ్ల చేత కట్టించారు. చూస్తున్న జనంలో కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు. సాయంత్రానికి వంటవాళ్లు దాన్ని చీల్చి పొయ్యిలో పెట్టారు. గుడి తగలబెట్టి, ముట్టడి యంత్రాల కలపతోనే అక్కడ ఒక చర్చి లేపారు. విగ్రహానికి ఫోటో ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది కదా.

రానీ రాజు తెత్స్లావ్, ఆయన తమ్ముడు యారోమార్ డెన్మార్క్‌కు సామంతులయ్యారు. ఆ తమ్ముడి పేరు మీదే ఈ కోటను యారోమార్స్‌బుర్గ్ అంటున్నారు. లొంగిపోయినవాడి పేరు కోటకు మిగలడం నాకైతే వింతగానే ఉంటుంది.

తవ్వకాల్లో గుడి దొరికిందా?

1921లో పురావస్తు శాస్త్రవేత్త కార్ల్ షుఖ్‌హార్ట్ పునాదులు దొరికాయని ప్రకటించాడు. తర్వాతివాళ్లు ఆ మాట ఒప్పుకోలేదు. 1969 నుంచి 1971 దాకా యోఆఖిమ్ హెర్మాన్ బృందం తవ్వింది. గుడి ఉన్న జాగా ఎప్పుడో సముద్రంలోకి జారిపోయి ఉంటుందన్నది ఎక్కువమంది అభిప్రాయం.

కోట నిజంగా సముద్రంలో కలిసిపోతోందా?

అవును. సుద్దరాయి మెత్తన. వానకు తడిసి, చలికి గడ్డకట్టి, మళ్లీ కరిగి పెళ్లలు పెళ్లలుగా రాలుతుంది, కింద అలలు వాటిని ఊడ్చేస్తాయి. కోట లోపలి భాగం చాలావరకు అలా పోయింది. మనం చూస్తున్నది కట్ట, దాని వెనక మిగిలిన కాస్త నేల. ఇంకా ఉన్నదైనా దక్కించుకోవాలని పురావస్తు శాఖవాళ్లు అంచున తవ్వకాలు చేశారు.

ఇది చూసిపోయే విషయం కాదు, ప్రాణం మీది విషయం. 2011 డిసెంబరులో ఇక్కడే కొండచరియ విరిగి పదేళ్ల పాప చనిపోయింది. కంచె కట్టిన చోట సెల్ఫీ కోసం దాటొద్దు. వాన తర్వాత కొండ కింద బీచ్‌లో నడవొద్దు.

విట్ పల్లె ఎందుకు చూడాలి?

పదమూడు రెల్లుకప్పు ఇళ్లు, చిన్న రేవు, పొగబెట్టిన చేప వాసన. ‘విట్టె’ అంటే హెరింగ్ చేపల సీజన్‌లో ఉప్పు వేసి అమ్మే చోటు. నవంబరు గాలులప్పుడు ఇక్కడ హెరింగ్ విపరీతంగా పడేదని, దేవుడికి సుంకం కట్టిన వ్యాపారులకే కొనే హక్కని హెల్మోల్డ్ రాశాడు. దేవుడు మారినా చేపలు మారలేదు. 18వ శతాబ్దం చివర కూడా సీజన్‌లో జాలర్లు వల వదిలి చర్చికి రాలేకపోయేవాళ్లు. అందుకని దగ్గర్లోని ఆల్టెన్‌కిర్షెన్ ఊరి పాస్టర్ కోసెగార్టెన్ తానే వచ్చి ఒడ్డున ప్రసంగించేవాడు. వాన పడితే ఇబ్బందని తర్వాత ఎనిమిది మూలల తెల్ల చాపెల్, అంటే చిన్న ప్రార్థనా మందిరం, కట్టారు. అది ఇప్పటికీ ఉంది.

ఎలా వెళ్లాలి?

బెర్లిన్ నుంచి రైల్లో ష్ట్రాల్‌జుంద్ మీదుగా రూగెన్, అక్కడి నుంచి బస్సు. 1936 నుంచి దీవికి వంతెన దారి ఉంది. కారైతే పుట్‌గార్టెన్ పార్కింగ్‌లో వదిలేయాలి, లోపలికి పోనివ్వరు. అక్కడి నుంచి కోటకు అరగంట నడక, లేదా రోడ్డు మీద నడిచే బొమ్మరైలు లాంటిది ఒకటి ఉంటుంది. కట్ట బాగా కనబడాలంటే పక్కనే 1927లో కట్టిన ఇటుక టవర్ ఎక్కండి. నేల మీద నుంచి చూస్తే అది చెరువుకట్టలా ఉంటుంది, పై నుంచి చూస్తేనే కోట అనిపిస్తుంది.

ఒక్క రోజే ఉంది. ఇంకేదైనా చూడాలా?

తిరుగు ప్రయాణంలో ఆల్టెన్‌కిర్షెన్ దగ్గర దిగండి, దారిలోదే. అక్కడి చర్చి కోట పడ్డాక కొన్నేళ్లకే మొదలైంది, దీవిలోని పాత చర్చిల్లో ఒకటి. దక్షిణం వైపు గది గోడలో, కింద, ఒక చెక్కిన రాయి ఉంటుంది. గడ్డం, పొడవాటి అంగీ, రెండు చేతులతో పట్టుకున్న పెద్ద కొమ్ము. కొందరు స్వాంతెవిత్ అంటారు, కొందరు ఆయన పూజారి అంటారు, ఎవరో రాజు సమాధిరాయి అనేవాళ్లూ ఉన్నారు. కొమ్మును, గడ్డాన్ని చూస్తే నా ఓటు పూజారికే.

రాయిని నిలువుగా పెట్టలేదు, పడుకోబెట్టి గోడలో కట్టేశారు. కావాలనే ఓడిపోయినవాణ్ని అలా పడుకోబెట్టారా, మేస్త్రీకి ఆ కొలత రాయి అలా సరిపోయిందా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్తారు. ముఖం సరిగ్గా చూడాలంటే మాత్రం మీరే మెడ పూర్తిగా పక్కకు వంచాలి.